తుక్కులోంచి మళ్లీ రోడ్డెక్కుతున్న రాజసం

కామ్‌రేజ్ (సూరత్): పాతకారు ఒకటి ప్రాణం పోసుకోవాలంటే మరో పాతకారు ప్రాణం వదలక తప్పదు. తయారీ కంపెనీలే మూతపడిన ఈ వాహనాలకు విడిభాగాలు దుకాణాలలో దొరకవు. తుక్కుగా మారిన తోటి వాహనాల నుంచి విప్పి తెచ్చినవే వాటికి ఆధారం. ఇప్పుడు ఆ తుక్కే కరువయ్యే పరిస్థితి ఏర్పడుతోంది.

తపతీ తీరాన ఉన్న కామ్‌రేజ్ మీదుగా సాగే ముంబయి-అహ్మదాబాద్ జాతీయ రహదారిపై ఉత్తరంగా సుమారు 250 కి.మీ. ప్రయాణిస్తే అహ్మదాబాద్ శివార్లకు చేరుకుంటాం. అక్కడి కఠ్‌వాడాలో గల దాస్తాన్ ఎస్టేట్‌లో రోల్స్ రాయిస్, బెంట్లీ, డైమ్లర్, ప్యాకార్డ్ వంటి వందకు పైగా పాతకార్లు కొలువుదీరి ఉన్నాయి. 2011లో మరణించిన ముంబయి పారిశ్రామికవేత్త ప్రాణ్‌లాల్ భోగీలాల్ దశాబ్దాల తరబడి వీటిని సేకరించారు.

భరణాల రద్దుతో దెబ్బ

స్వాతంత్ర్యానికి పూర్వం సంస్థానాధీశులు పోటీలు పడి విదేశీ కార్లు తెప్పించుకునేవారు. 1971లో రాజ్యాంగ 26వ సవరణ ద్వారా రాజభరణాలు రద్దు కావడంతో వీటి పోషణ భారమైంది. కొన్ని అమ్ముడుపోగా, మరికొన్ని కోటల గ్యారేజీలలో తుప్పుపట్టాయి. రాజ్‌కోట్ ఠాకూర్ కోసం 1934లో తయారైన 'స్టార్ ఆఫ్ ఇండియా' రోల్స్ రాయిస్ 1968లోనే విదేశీయుల పరమై, 2010లో గానీ ఆ కుటుంబానికి తిరిగి దక్కలేదు.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరు చేసిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌దీ ఇటువంటి కథే. ఆయన 1911లో మరణించిన తర్వాత హైదరాబాదుకు చేరిన ఈ పసుపురంగు కారులో సింహాసనాన్ని తలపించే ఎత్తయిన ఆసనం ఉంది. ఏళ్ల తరబడి మూలనపడిన అనంతరం బాగుచేయగా, ప్రస్తుతం చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులను ఆకట్టుకుంటోంది.

లేత్ నుంచి బాడిత వరకు

ప్యాకార్డ్ 1958లో, స్టూడ్‌బేకర్ 1966లో కార్ల ఉత్పత్తిని నిలిపివేశాయి. అందువల్ల పునరుద్ధరణ పని తుక్కు బజార్ల గాలింపుతోనే మొదలవుతుంది. ఏళ్ల తరబడి కదలని ఇంజిన్‌లో పిస్టన్లు తుప్పుతో సిలిండర్లకు పట్టేసుకుంటాయి. కిరోసిన్ గానీ డీజిల్ గానీ పోసి రోజుల కొద్దీ నానబెడితే తప్ప అవి వదలవు. అరిగిన బేరింగులలో తెల్లలోహాన్ని కరిగించి పోతపోయాలి. బాడీ చట్రం కర్రదైతే, చెదలు తిన్న ముక్క కొలతలు తీసి వడ్రంగి అదే ఆకృతిలో కొత్తది చెక్కాలి. దొరకని పళ్లచక్రాన్ని పాతదాని నమూనాతో లేత్‌పై తయారుచేయక తప్పదు. మెకానిక్, వడ్రంగి, పోతపనివాడు, రంగులు వేసేవాడు కలిస్తేనే ఒక బండి కదులుతుంది.

'అసలు రూపం' షరతు

పాతకార్ల రిజిస్ట్రేషన్‌కు కేంద్రం 2021 జులైలో ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పులు జరగని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలనే వింటేజ్‌గా పరిగణిస్తారు. వీటికి రాష్ట్ర సంకేతం పక్కన 'వీఏ' అక్షరాలతో కూడిన నంబరు కేటాయిస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000, పునఃరిజిస్ట్రేషన్‌కు రూ.5,000 రుసుముగా నిర్ణయించారు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మతుల కోసమే తప్ప రోజువారీ అవసరాలకు వీటిని నడపరాదు.

చిక్కంతా ఇక్కడే వస్తోంది. ఆధునిక ఇంజిన్ అమర్చి బండిని నడిపించడం సులభమే గానీ, అప్పుడది వింటేజ్ హోదా కోల్పోతుంది. అసలు రూపం నిలవాలంటే అదే మోడల్‌కు చెందిన పాత భాగాలే కావాలి. కాగా, 2021 ఆగస్టు 13న గాంధీనగర్ సదస్సులో ప్రధాని ప్రారంభించిన వాహన తుక్కు విధానం కాలం చెల్లిన వాహనాలను వేగంగా విచ్ఛిన్నం చేయడానికి ఉద్దేశించినది. కాలుష్యాన్ని తగ్గించి, ఉక్కును తిరిగి వినియోగంలోకి తేవడం దాని లక్ష్యాలు. ఆ లక్ష్యాలను ఎవరూ కాదనలేరు.

అయితే, 1960లలో తయారైన అంబాసిడర్లు సైతం యాభై ఏళ్ల అర్హతను దాటేసిన సంగతి గమనార్హం. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన ఈ కారుకూ ఇకపై పాత భాగాలే దిక్కు. కరిగించే ముందు పనికివచ్చే భాగాలను వేరుచేసి, జాబితా రాసి, అవసరమైన వారికి అమ్మే ఏర్పాటు ఉంటే ఉక్కూ దక్కుతుంది, చరిత్రా మిగులుతుంది. లేకుంటే రాజుల కార్లకు పట్టిన గతే సామాన్యుడి కారుకూ పట్టడం ఖాయం.