ఒక మీట – నాలుగు దీపములు



దీపము పెట్టుట గృహిణి పని యని మన పెద్దలు చెప్పుదురు. ఆముదపు ప్రమిద నాడు వత్తి యెగద్రోయుట మన చేతిలోని విద్య. నేడు గోడమీది మీట నొక్కుటయే గాని, దాని వెనుక నేమి యున్నదో మనలో పెక్కండ్రు విచారింపరు. ఆ యజ్ఞానమువలన ప్రాణాపాయమే కలుగవచ్చును.

పెనుకొండ చెంతనున్న సోమందేపల్లిలో మా వదినెగారి యిల్లు గలదు. పడసాల పొడవైనది గావున మిద్దెకు నాలుగు దీపములు బిగించి, ఒక్క మీటతో వెలుగునట్లు తీగలు లాగించిరి. ఒకనాటి సాయంకాలము దీపమొకటి మాడిపోగా, వదినెగారు మీట నార్పి, పీట యెక్కి దానిని విప్పబోయిరి. చేయి జిల్లుమనగా క్రింద పడిరి. మణికట్టు బెణికినదే గాని ప్రాణము దక్కినది. మీట ఆర్పియుండగా విద్యుత్తెట్లు వచ్చెను?

ఇంటిలోనికి వచ్చు తీగలలో ఫేజు విద్యుత్తును తెచ్చును. న్యూట్రలు దానిని మరలించును. మీట నెల్లప్పుడు ఫేజు తీగకే పెట్టవలెను. అచ్చట పనివాడు దానిని న్యూట్రలునకు పెట్టెను. అందుచే దీపములారినను హోల్డరులో విద్యుత్తు నిలిచియే యుండెను. దీపమారుట వేరు, తీగలో విద్యుత్తు లేకుండుట వేరు.

ఇక దీపములను కలుపు విధము. చెరువు తూము నుండి వచ్చు కాలువను తలంపుడు. ప్రతి మడికిని వేరు మడవ యున్నచో నొకటి మూసినను తక్కినవి పారును. అట్లే మీట నుండి వచ్చు ఫేజు తీగ ప్రతి దీపమునకును, న్యూట్రలు తీగ ప్రతి దీపపు రెండవ కొనకును చేరవలెను. అప్పుడు ప్రతిదానికిని 230 వోల్టులు పూర్తిగా నందును. ఒకటి మాడినను తక్కినవి వెలుగును. ఒక దీపము తరువాత నొకటి గొలుసువలె గ్రుచ్చినచో, వోల్టులు నాల్గింటికిని పంచబడి వెలుగు సన్నగిల్లును. ఒకటి పోయిన నన్నియు నారును.

మీటకు బరువగునని భయము వలదు. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు నాలుగును కలిసి 36 వాట్లే. 6 ఆంపియరుల మీట 1380 వాట్ల వరకు మోయగలదు. దినమునకు 5 గంటలు వెలిగించిన నెలకు 5.4 యూనిట్లగును, 60 వాట్ల పాత బల్బులు నాలుగైనచో 36 యూనిట్లగును. అయినను మగ్గమున్న యింట మగ్గపు గుంటమీది దీపమునకు వేరు మీట యుండుట మేలు. ఒకరు నేయుచుండగా సాలంతయు వెలిగింప నేల?

ఈ పని స్వయముగా చేయబూనకుడు. లైసెన్సుగల పనివానినే పిలువుడు. అతనిని మూడు ప్రశ్న లడుగుడు: మీట ఫేజు తీగకే యున్నదా? అతుకులు మూతగల పెట్టెలలోనే యున్నవా? భూమి తీగయు, 30 మిల్లీఆంపియరుల ఆర్.సి.సి.బి.యు నమర్చితిరా? పని ముగిసిన పిదప మీట నార్పించి, హోల్డరులో టెస్టరు పెట్టి చూపుమనుడు. టెస్టరు వెలిగినచో పని తప్పు.

దీపము మార్చునప్పుడు మీటను నమ్మక, మెయిను స్విచ్చి నార్పుడు. ఆ వేళ కొంచెము చీకటియైనను, ఇంటి వెలుగు పదికాలములు నిలుచును.