వేదికెక్కని బృందం మిగిల్చిన రికార్డులు

అలన్ పార్సన్స్ ప్రాజెక్ట్ 1976 నుంచి 1987 దాకా పది ఆల్బమ్‌లు విడుదల చేసిన బ్రిటిష్ ప్రోగ్రెసివ్ రాక్ బృందం. ఆ పన్నెండేళ్లలో ఒక్కసారైనా ఊరూరా తిరిగి కచేరీలు చేయలేదు. శాశ్వత సభ్యులు ఇద్దరే: సౌండ్ ఇంజనీరు అలన్ పార్సన్స్, గ్లాస్గోలో పుట్టిన పాటల రచయిత, పియానో వాద్యకారుడు ఎరిక్ వూల్ఫ్‌సన్. మిగతావాళ్లంతా పాటను బట్టి పిలిపించుకున్న కళాకారులు.

ప్రోగ్రెసివ్ రాక్ మూడు నిమిషాల పాప్ పాట చట్రాన్ని దాటిన సంగీతం. ఆర్కెస్ట్రాను కలుపుకుంటుంది, చాలాసార్లు ఆల్బమంతా ఒకే అంశం చుట్టూ అల్లుకుంటుంది. ఈ కోవలోని బృందాలు ఎక్కువగా భారీ వేదికల మీద పేరు తెచ్చుకున్నాయి. పార్సన్స్ నేర్చుకున్నది మాత్రం లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో. బీటిల్స్ 'ఆబీ రోడ్' (1969) రికార్డింగులో సహాయకుడిగా ఉన్నాడు, పింక్ ఫ్లాయిడ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' (1973)కు ఇంజనీరుగా పనిచేశాడు. 1974లో ఆ స్టూడియో క్యాంటీన్‌లోనే వూల్ఫ్‌సన్‌తో పరిచయమైంది. దర్శకుడి పేరు చూసి జనం సినిమాకు వెళుతున్నప్పుడు, రికార్డును తయారుచేసినవాడి పేరు మీద ఆల్బమ్ ఎందుకు రాకూడదన్నది వూల్ఫ్‌సన్ ఆలోచన.

గొంతుల ఎంపికలో ఆ పద్ధతి బాగా కనిపిస్తుంది. సినిమా సంగీత దర్శకుడు పాటకు తగిన గాయకుణ్ణి పిలిచినట్టే, వీళ్లు లెనీ జకాటెక్, కోలిన్ బ్లన్‌స్టోన్, జాన్ మైల్స్, క్రిస్ రెయిన్‌బో వంటివారి చేత పాడించారు. ఆ గాయకులకు దారి చూపడానికి వూల్ఫ్‌సన్ ముందుగా 'ట్రాక్' పాడేవాడు. చివరికి అతని గొంతే నిలిచిన పాటల్లో ఒకటి 'ఐ ఇన్ ది స్కై' (1982). అమెరికాలో మూడో స్థానం దాకా వెళ్లిన ఆ పాటే బృందానికి అతి పెద్ద విజయం. గాయకులు మారుతున్నా ఆల్బమ్‌ల స్వభావం చెదరకపోవడానికి ఇయాన్ బెయిర్న్‌సన్ గిటార్, ఆండ్రూ పావెల్ ఆర్కెస్ట్రా కూర్పు ముఖ్య కారణాలు.

అంశాల కోసం సాహిత్యం, వాస్తుశిల్పం, పరిశ్రమలు అన్నిటి వైపూ చూశారు. ఎడ్గర్ ఎలన్ పో కథలు, కవితల మీద తొలి ఆల్బమ్ (1976), ఐజాక్ అసిమోవ్ రోబో కథల స్ఫూర్తితో 'ఐ రోబోట్' (1977), బార్సిలోనా వాస్తుశిల్పి గౌడీ మీద చివరిది (1987) వచ్చాయి. 'అమోనియా అవెన్యూ' (1984) పుట్టుక వీటన్నిటికంటే ఆసక్తికరం. ఇంగ్లండ్‌లోని బిల్లింగ్‌హామ్ రసాయన కర్మాగారానికి వెళ్లిన వూల్ఫ్‌సన్‌కు మనిషి గానీ చెట్టు గానీ లేని, రెండు పక్కలా గొట్టాలే ఉన్న పొడవాటి వీధి కనిపించింది. దాని బోర్డు మీది పేరే ఆల్బమ్ పేరైంది.

తొలి ఆల్బమ్‌లోని 'ది రేవెన్' రాక్ సంగీతంలో వోకోడర్‌ను తొలిగా వాడిన పాటల్లో ఒకటి. మనిషి మాటను వాద్యధ్వనిగా మార్చే యంత్రమది. ఈ ఆల్బమ్‌ను 1987లో పార్సన్స్ మళ్లీ మిక్స్ చేసి, కొత్త గిటార్ భాగాలు, డిజిటల్ ప్రతిధ్వని, సినీ నటుడు ఆర్సన్ వెల్స్ గొంతులో వ్యాఖ్యానం చేర్చాడు. కొత్తది గంభీరంగా ఉన్నా, వాద్యాలు విడివిడిగా, స్వచ్ఛంగా వినిపించేది పాతదానిలోనే. 2007 ప్రత్యేక ప్రతిలో రెండూ దొరకడం శ్రోతల అదృష్టం.

'ఐ ఇన్ ది స్కై' ఆల్బమ్ ఆరంభంలోని 'సిరియస్' అనే వాద్యసంగీతం మరో దారి పట్టింది. షికాగో బుల్స్ బాస్కెట్‌బాల్ జట్టు తన ఆటగాళ్లను మైదానంలోకి పిలిచేటప్పుడు దాన్ని వాడుకోవడంతో, బృందం పేరు తెలియని లక్షలమందికీ అది చేరింది.

పార్సన్స్ కాదన్న పాటలను వూల్ఫ్‌సన్ 2009లో సొంతంగా ఆల్బమ్‌గా తెచ్చి, ఆ డిసెంబరులోనే కన్నుమూశాడు. రికార్డు కంపెనీతో ఒప్పందం గొడవల్లో 1979లో హడావుడిగా ముగించిన 'ది సిసిలియన్ డిఫెన్స్' మూడున్నర దశాబ్దాలు మూలనపడి, 2014లో మొత్తం ఆల్బమ్‌ల పెట్టెతో బయటికొచ్చింది. 'ఐ ఇన్ ది స్కై' 35వ వార్షికోత్సవ ప్రతికి, చుట్టూ స్పీకర్లతో వినేలా చేసిన మిక్స్‌కు గాను, 2019లో గ్రామీ దక్కింది. పార్సన్స్ గెలిచిన తొలి గ్రామీ అదే.