రేస్ డ్రైవర్ అవ్వాలనుందా? స్టీరింగ్ కంటే ముందు మెడ సంగతి చూసుకోండి!

పొందూరు: 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్లు దూసుకెళ్లడం టీవీలో చూసి 'మనమూ నడపొచ్చు కదా' అనుకున్న కుర్రాళ్లు పొందూరు లాంటి ఊళ్లలోనూ ఉంటారు. అయితే కూర్చుని చేసే పనే కదా అనుకుంటే పొరపాటే.

ఫార్ములా-1 కారు మలుపు తిరిగేటప్పుడు 5జీ దాకా ఒత్తిడి పడుతుంది. తల, హెల్మెట్ కలిపి ఆరు కిలోలు అనుకున్నా.. మెడ మీద 30 కిలోల భారం. అదీ ప్రతి ల్యాప్‌లో! అందుకే డ్రైవర్లు తలకు రబ్బరు బ్యాండు తగిలించి మెడకు ప్రత్యేకంగా కసరత్తు చేస్తారు. (మన కుర్రాళ్ల జిమ్ము బైసెప్స్ దగ్గరే ఆగిపోతుంది, అది వేరే సంగతి.) కొత్తవాళ్లు నుదుటికి అరచేయి ఆనించి, తల కదలకుండా నెట్టడంతో మొదలుపెట్టొచ్చు. నొప్పి వస్తే ఆపేయాలి.

ఇక వేడి. 2023 అక్టోబర్‌లో ఖతార్ రేసులో ఒకాన్ హెల్మెట్‌లోనే వాంతి చేసుకున్నాడు. సార్జెంట్ మధ్యలోనే తప్పుకున్నాడు. ఎండ రేసుల్లో రెండు, మూడు కిలోలు చెమటగానే పోతాయి. దాహం వేశాక తాగుదాంలే అంటే కుదరదు.. ఉప్పేసిన పల్చటి మజ్జిగ ముందు నుంచే తాగుతుండాలి. రోజూ చోడి అంబలి, గుడ్లు, ఉలవలు తింటే మంచిదే. ఖరీదైన పౌడర్ డబ్బాల జోలికి వెళ్లక్కర్లేదు.

బరువు తగ్గాలని కడుపు మాడ్చుకోవద్దు. ఎఫ్-1లోనే ఇది పెద్ద సమస్యై, 2019లో డ్రైవర్, సీటు కలిపి కనీసం 80 కిలోలు ఉండాలని అప్పట్లో రూల్ పెట్టారు. తక్కువైతే ఆ మేరకు కారులో బరువు పెట్టాల్సిందే.