ఆట, కొలువు, జీతము: 1950 నాటి రెండు జట్ల కథ

ఆటను మనము సామాన్యముగా వినోదమనియే భావింతుము. రేడియో ముందు కూర్చుండి వ్యాఖ్యానము వినుచున్నంతసేపు, గోలు చేసినదెవరు, అడ్డుకొన్నదెవరు అను ఆసక్తియే గాని, ఆ పరుగెత్తువాని ఇంటిలో పొయ్యి ఏ రీతిగా వెలుగుచున్నదను ప్రశ్న మనకు తోచదు. కాని అది చిన్న ప్రశ్న కాదు. రైతునకు గాని, వడ్రంగికి గాని, ఉపాధ్యాయునకు గాని నలువది యేండ్లు వచ్చునప్పటికి పనితనము పండును. ఆటగానికి ఆ వయస్సునకు పని ముగియును. ఆతని బలము పది పదునైదేండ్ల సొత్తు. కాలు విరిగినచో అంతకాలము కూడ ఉండదు. ఆ పిదప మిగిలిన జీవితమునకు ఆధారమేమి?

ఈ ప్రశ్నకు ప్రపంచమున ముఖ్యముగా రెండు విధములైన సమాధానములు కలవు. ఆటనే వృత్తిగా జేసి, ఒప్పందము వ్రాసికొని, ఆడినంతకాలము జీతమిచ్చుట ఒకటి. ఆటగానికి వేరొక ఉద్యోగమిచ్చి, ఆ ఉద్యోగపు నీడలో ఆడించుట రెండవది. 1950వ సంవత్సరమున ఈ రెండు పద్ధతులును రెండు గొప్ప విజయములను చూపినవి. ఒకటి అమెరికాలోని డెట్రాయిట్ నగరమున, మంచుపై. మరియొకటి మన హైదరాబాదు వారిది, పచ్చికపై.

మొదట మంచు మాట. ఆమదాలవలసలో మంచు అనగా సోడా దుకాణమున రంపపు పొట్టులో దాచిన గడ్డయే గుర్తునకు వచ్చును. కెనడాలో శీతకాలము వచ్చినచో చెరువులు గడ్డకట్టి, వాటిపై మనుష్యులు నడువగలరు. అచటి పిల్లలు ఇనుప అంచులు గల స్కేట్లు కాళ్ళకు కట్టుకొని, వంకర కర్రలతో ఒక నల్లని రబ్బరు బిళ్ళను కొట్టుచు జారుదురు. ఆ బిళ్ళను పక్ అందురు. ఈ ఆటయే ఐస్ హాకీ. జట్టునకు ఆరుగురు, ఇరువది నిముషముల చొప్పున మూడు భాగములు. మన హాకీ కంటె వేగము హెచ్చు, దెబ్బలును హెచ్చు.

నాటి నేషనల్ హాకీ లీగ్‌లో ఉన్నవి ఆరే జట్లు: మాంట్రియల్, టొరాంటో, బోస్టన్, న్యూయార్క్, షికాగో, డెట్రాయిట్. 1949-50 ఋతువున ఒక్కొక్క జట్టు ఆడవలసిన ఆటల సంఖ్యను 60 నుండి 70కి పెంచిరి. కెనడా కుటుంబములు శనివారము రాత్రి రేడియో చుట్టును చేరి, ఫాస్టర్ హ్యూయిట్ వ్యాఖ్యానము వినుట ఆ కాలపు ఆచారము. మైదానము చూడనివారికి కంఠముతోనే మైదానమును చూపిన వ్యాఖ్యాత ఆయన.

ఆ యేడు డెట్రాయిట్ రెడ్ వింగ్స్ జట్టు అన్నిటికంటె ముందు నిలిచెను. టెడ్ లిండ్సే, సిడ్ ఏబెల్, గోర్డీ హోవ్ అను ముగ్గురు ముందువరుస ఆటగాండ్లు లీగ్ మొత్తము మీద మొదటి మూడు స్థానములు పొందిరి. డెట్రాయిట్ మోటారు కార్ల నగరము గనుక, ఈ ముగ్గురిని కార్ఖానా పేరిట ప్రొడక్షన్ లైను అని పిలిచిరి. వీరిలో పిన్నవాడగు హోవ్ 1946లో చేరినప్పుడు, జీతముతోపాటు జట్టు కోటు ఒకటి కావలెనని కోరెనని ప్రసిద్ధి.

1950 మార్చి 28న, టొరాంటోతో జరిగిన పోటీలో, హోవ్ వేగముగా పోయి మైదానపు చెక్కగోడకు కొట్టుకొని పడెను. పుర్రె చిట్లెను. మెదడుపై ఒత్తిడి తగ్గించుటకు శస్త్రచికిత్స చేయవలసి వచ్చెను. ఆతనికప్పుడు 21 ఏండ్లు. ఆతడు లేకయే డెట్రాయిట్ జట్టు తుది పోటీకి చేరెను. ప్రత్యర్థి న్యూయార్క్ రేంజర్స్. ఇచట ఒక విచిత్రము. న్యూయార్క్ జట్టు సొంత మైదానమగు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆ దినములలో సర్కసు నడుచుచుండెను. సర్కసు వారిని కదల్చుటకు వీలుకాక, హాకీ జట్టే తన సొంత ఆటలను టొరాంటోకు పోయి ఆడెను. విజయనగరమునుండి కోడి రామమూర్తి నాయుడుగారి సర్కసు ఊరూర జనమును కూడగట్టిన కథలు వినియున్న మన ప్రాంతమువారికి ఇది అంత వింతగా తోచదు. బలమును, నైపుణ్యమును టిక్కెట్టుపై చూపు చోట, ఎవరి టిక్కెట్టు హెచ్చుగా అమ్ముడగునో వారిదే పందిరి.

ఏప్రిల్ 23న ఏడవ ఆట. నియమిత కాలమున సమానము. అదనపు కాలమునను తెగలేదు. రెండవ అదనపు కాలమున పీట్ బబాండో అను ఆటగాడు గోలు చేయగా, స్టాన్లీ కప్పు డెట్రాయిట్ వశమయ్యెను. గోలు కాచినవాడు హ్యారీ లమ్లీ. పూర్తిగా మూడు నెలలు కాలేదు. జులై మాసమున యజమానులు బబాండోను, లమ్లీని, మరి కొందరిని షికాగో జట్టునకు ఇచ్చివేసి, మారుగా వేరు ఆటగాండ్లను తీసికొనిరి. కప్పు గెలిపించిన కర్ర, కప్పును కాపాడిన చేయి, రెండును ఒకే వేసవిలో చేతులు మారినవి.

ఇది ఒప్పంద పద్ధతి స్వభావము. ఆటగాడు ఒక జట్టునకు కట్టుబడినచో, ఆ జట్టు విడువనిదే వేరొకచోట ఆడరాదు. జట్టు మాత్రము తలచినప్పుడు ఆతనిని మార్చుకొనవచ్చును. 1947లో పింఛను నిధి ఒకటి ఏర్పరచి, ఏటేట ఒక్కొక్క ఆటగానినుండి 900 డాలర్లు తీసికొనసాగిరి. ఆ నిధి లెక్కలు అడుగవలెనని 1957లో లిండ్సే పూనుకొని ఆటగాండ్ల సంఘమును స్థాపించెను. ఆ యేడే ఆతనినిగూడ షికాగోకు పంపివేసిరి. మరుసటి యేటికి సంఘము అణగిపోయెను. 1967 వరకు ఇంకొక సంఘము నిలువలేదు. పింఛను నిధిలోని మిగులు ఆటగాండ్లదేయని కెనడా న్యాయస్థానము తీర్పు చెప్పినది 1992లో. అప్పటికి 1950 నాటి యువకులు ముదుసలులై యుండిరి.

ఇక మన వైపు చూతము. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసినది. 1950 నాటికి ఆ నగరము ఇంకను కొత్త వ్యవస్థకు అలవాటుపడుచుండెను. ఆ యేడే హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును, ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును గెలుచుకొనెను. డ్యూరాండ్ 1888లో మొదలైన పోటీ. యుద్ధము, దేశ విభజనల వలన చాల ఏండ్లు ఆగి, 1950లో మరల ఆరంభమైనది. తుది పోటీలో ఓడినది కలకత్తాలోని మోహన్ బగాన్. కలకత్తా పెద్ద జట్లదే ఫుట్‌బాల్ అని తలచుచుండిన దేశమునకు ఇది ఆశ్చర్యమును గొలిపెను. రోవర్స్ కప్పు ఆ యేటితో ఆగలేదు. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు ఆ జట్టుదే.

ఈ విజయములకు వెనుక నిలిచినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిచేత ఉపాధ్యాయుడు, ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి. 1950లో పోలీసు జట్టు శిక్షణ చేపట్టి, 1963లో కన్నుమూయువరకు విడువలేదు. అందరును ఆయనను రహీం సాబ్ అనెడివారు. ఉపాధ్యాయుని పద్ధతి ఆయన శిక్షణలో అడుగడుగున కనబడును. బంతిని తనయొద్దనే ఉంచుకొని నలుగురిని తప్పించుకొనిపోవుట ఆనాటి ఆటగాండ్లకు మోజు. రహీం సాబ్ అట్టి ఒంటరి విన్యాసమును నిషేధించి పోటీలు పెట్టెను. బంతి రాగానే వేరొకనికి అందింపవలెను. కుడికాలి వాటమువాడు ఎడమకాలితోనే తన్నవలెనని మరియొక పోటీ. చేతివ్రాత దిద్దించు పంతులు పలకపై గీతలు గీసినట్లు, ఆయన కాళ్ళకు గీతలు గీసెను. దానిఫలితముగా జట్టులో ఒక్కని బలము పదునొకండుగురి బలమయ్యెను.

పోలీసు జట్టునుండి నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటివారు 1952లో హెల్సింకీ, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలకు పోయిరి. హెల్సింకీలో మనవారిలో పలువురు ఉత్తకాళ్ళతో ఆడిరి. యుగోస్లావియా చేతిలో 10-1 గోల్స్ తేడాతో ఓడిరి. ఆ పాఠముతో బూట్లు తప్పనిసరి అయినవి. మెల్‌బోర్న్‌లో రహీం శిక్షణలోని భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానము పొందెను. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీ ఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు అది. 1962లో జకార్తాలో, దక్షిణ కొరియాను 2-1తో గెలిచి, ఆసియా క్రీడల స్వర్ణమును తెచ్చినదియు ఆయన శిష్యులే.

ఇప్పుడు డెట్రాయిట్‌ను, హైదరాబాదును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. హైదరాబాదు ఆటగానికి ఆటకై ఒప్పందము లేదు, కప్పు గెలిచినందుకు ధర కట్టుట లేదు. ఆతడు పోలీసు శాఖ ఉద్యోగి. జీతము ఆ ఉద్యోగమునకు వచ్చును. కావుననే, వృత్తి ఆటగాండ్లను దగ్గరకు రానీయని నాటి ఒలింపిక్ నిబంధన ఆతనికి అడ్డురాలేదు. ఆతనిని మరియొక జట్టునకు మార్చుకొను యజమాని లేడు. ఆటలో వేగము తగ్గినను కొలువు మిగులును. కొలువు ముగిసినను పింఛను వచ్చును. ఇది గొప్ప ధైర్యము. లోపము లేకపోలేదు. దేశమంతయు చప్పట్లు కొట్టు ఆటగానికిని, ఎన్నడును బంతి ముట్టని ఉద్యోగికిని జీతపు మెట్టు ఒక్కటే. శాఖాధికారికి ఆటపై మక్కువ ఉన్నంతకాలమే జట్టునకు పోషణ. రహీం సాబ్ పోయిన పిదప ఆ జట్టు ప్రాభవము క్రమముగా తగ్గుటయే ఇందుకు నిదర్శనము.

ఈ పద్ధతి మన శ్రీకాకుళము జిల్లా వాకిటిగుండనే పోవు రైలుమార్గమునను కలదు. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వేలోనిది. పెద్దలు ఇప్పటికిని బి.ఎన్.ఆర్. అనుచుందురు. ఆ రైల్వే పేరిట నడచిన ఫుట్‌బాల్ జట్టు 1964లో రోవర్స్ కప్పు గెలిచెను. సికింద్రాబాదున పుట్టి, 1956, 1960 ఒలింపిక్ క్రీడలలో ఆడిన తులసీదాస్ బలరాం 1963లో ఆ జట్టున చేరెను. అదే యేట ఊపిరితిత్తుల వ్యాధి వలన, 27 ఏండ్లకే ఆట విరమింపవలసి వచ్చెను. ఆట పోయినను రైల్వే కొలువు పోలేదు. 2023లో మరణించువరకు ఆయన బెంగాలులోనే ఉండెను. ఒప్పందముపై ఆడినవాడైయున్నచో, 27 ఏండ్ల వయస్సున ఆయన గతి ఏమైయుండెడిదో ఊహింపవచ్చును.

ఇక ఆమదాలవలస ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి మాట చెప్పనక్కరలేదు. 2000 సెప్టెంబరులో సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళ అయినది. బరువులెత్తు క్రీడకు టిక్కెట్లు కొని చూచువారు తక్కువ. దానికి వృత్తి లీగు లేదు. ఆమెకును నెలజీతపు ఆధారము భారత ఆహార సంస్థలోని ఉద్యోగమే. చూచువారు తక్కువైన ఆటలకు కొలువు పద్ధతియే దిక్కు అని దీనివలన తెలియుచున్నది.

కాలము మారినది. 2014 నుండి మన దేశమునను ఒప్పంద పద్ధతిపై ఫుట్‌బాల్ లీగు వచ్చినది. 2022 మార్చిలో హైదరాబాదు జట్టొకటి దానిని గెలిచినది. ఆటగాండ్లకు పోలీసు జీతముకంటె ఎన్నో రెట్లు ధనము లభించుచున్నది. ఇది సంతోషింపదగినదే. కాని పిల్లవాని కాలిలో బంతి నిలుచుట చూచి ఆశపడు తల్లిదండ్రులు మూడు సంగతులు విచారింపవలెను: ఒప్పందము ఎన్నాళ్ళకు? దెబ్బ తగిలినచో వైద్యమెవరిది? ఆట ముగిసిన నాటికి చేతిలో చదువో, కొలువో ఉండునా? హోవ్ అదృష్టవంతుడు, పుర్రె చిట్లిన మరుసటి ఋతువునుండి వరుసగా నాలుగేండ్లు లీగ్‌లో అగ్రగామిగా నిలిచెను. అందరి పుర్రెలును అట్లు అతుకవు. ఆటగానికి చప్పట్లు కొట్టు సమాజమే, చప్పట్లు ఆగిన తరువాతి నలువది యేండ్లకును ఏర్పాటు చేయవలెను. 1950 నాటి రెండు కప్పులలో ఏది మిన్నయని కాదు. ఒకదానినుండి తగిన ప్రతిఫలమును, రెండవదానినుండి నిలుకడను గ్రహించుటయే మనకు కర్తవ్యము.