విశ్వవిద్యాలయ విస్తరణలో పరిశ్రమ, క్రీడ: లఫ్‌బరో అనుభవం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒక విశ్వవిద్యాలయం అభివృద్ధి చెందిందని చెప్పడానికి సాధారణంగా మూడు అంశాలను చూపుతారు. అవి పెరిగిన ప్రాంగణం, పరిశ్రమలతో కుదిరిన ఒప్పందాలు, కొత్తగా వెలసిన క్రీడా సదుపాయాలు. వార్షిక నివేదికల్లో ఈ మూడూ వేర్వేరు శీర్షికల కింద కనిపిస్తాయి. కాని వీటి మధ్య ఉన్న సంబంధమే ఆ విస్తరణ విలువను నిర్ణయిస్తుంది. బోధనతో, పరిశోధనతో ముడిపడని క్రీడామైదానం అద్దెకిచ్చే స్థలంగానే మిగులుతుంది. పరిశ్రమతో కుదిరిన ఒప్పందానికీ ఇదే వర్తిస్తుంది. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్ ప్రాంతంలో ఉన్న లఫ్‌బరో విశ్వవిద్యాలయ చరిత్ర ఆధారంగా ఈ సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కర్మాగారమే తరగతి గది

లఫ్‌బరో చిన్న పారిశ్రామిక పట్టణం. మేజోళ్ల తయారీకి, గంటల పోతపనికి, విద్యుత్ యంత్రాలకు పేరుపొందింది. పట్టణ అవసరాల కోసం 1909లో అక్కడ ఒక సాంకేతిక విద్యాలయం ఏర్పడింది. 1915లో ప్రిన్సిపాల్‌గా వచ్చిన హెర్బర్ట్ స్కోఫీల్డ్ 1950 వరకు ఆ సంస్థను నడిపాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆయుధ సామగ్రి తయారీకి పనివారిని సిద్ధం చేయవలసి వచ్చినప్పుడు, ఉత్పత్తి చేస్తూనే నేర్చుకోవాలనే పద్ధతిని ఆయన అమలుచేశాడు. విద్యార్థులు అభ్యాసం కోసం నమూనాలు చేసి పారవేయలేదు. నిజంగా వినియోగానికి వెళ్లే వస్తువులనే తయారుచేశారు. వస్తువు సరిగా పనిచేయడమే అక్కడ పరీక్షగా నిలిచింది.

పరిశ్రమతో భాగస్వామ్యం అనే మాట వాడుకలోకి రాకముందే ఆ భావన ఈ సంస్థ బోధనలో భాగమైందని దీనివల్ల తెలుస్తుంది. 1966లో రాజపత్రం పొంది అది లఫ్‌బరో సాంకేతిక విశ్వవిద్యాలయంగా అవతరించింది. అప్పటికే పట్టణ మధ్యభాగాన్ని దాటి పడమటి శివారుకు విస్తరించింది. 1990ల ఆరంభం నుండి రోల్స్ రాయిస్ సంస్థకు విమాన ఇంజన్ల దహన వ్యవస్థలకు సంబంధించిన పరిశోధన కేంద్రం ఇక్కడ పనిచేస్తోంది. 21వ శతాబ్దం తొలినాళ్లలో పక్కనే ఉన్న హోలీవెల్ పార్క్‌ను కూడా విశ్వవిద్యాలయం సమకూర్చుకుంది. అది పూర్వం గ్యాస్ పరిశ్రమకు చెందిన పరిశోధన స్థలం. నేడు ప్రాంగణ విస్తీర్ణం 500 ఎకరాలకు పైబడి ఉంది. ఈ విస్తరణలో ఒక భాగం పరిశ్రమ వదిలిన ప్రయోగశాలల నేలపైనే జరగడం గమనార్హం.

వ్యాయామ ఉపాధ్యాయుల నుండి ఒలింపిక్ విజేతల వరకు

లఫ్‌బరో క్రీడాఖ్యాతికి మూలం స్టేడియం కాదు, ఉపాధ్యాయ శిక్షణ. స్కోఫీల్డ్ హయాంలోనే, 1930లలో, వ్యాయామ విద్యకు ఒక ప్రత్యేక విభాగం ఏర్పడింది. పాఠశాలలకు వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేయడం దాని ప్రధాన లక్ష్యం. 1952లో మాతృసంస్థ నాలుగు కళాశాలలుగా విడిపోయింది. ఉపాధ్యాయ శిక్షణ ఒక దారిన, సాంకేతిక విద్య మరొక దారిన సాగాయి. 1977లో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విశ్వవిద్యాలయంలో విలీనం కావడంతో ఇంజనీరింగ్ ప్రయోగశాలలు, వ్యాయామ విద్య ఒకే సంస్థలోకి వచ్చాయి. మానవదేహ చలనాన్ని యంత్రశాస్త్ర దృష్టితో కొలిచే అధ్యయనానికి ఈ కలయిక అనుకూలమైన నేల అయింది.

ఇక్కడ చదివిన ప్రసిద్ధ క్రీడాకారులందరూ క్రీడాశాస్త్ర విద్యార్థులు కారు. 1980, 1984 ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచిన సెబాస్టియన్ కో చదివినది ఆర్థిక శాస్త్రం, సామాజిక చరిత్ర. 2003లో 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో మారథాన్ పూర్తిచేసి ప్రపంచ రికార్డు నెలకొల్పిన పౌలా రాడ్‌క్లిఫ్ చదివినది ఆధునిక యూరోపియన్ అధ్యయనాలు. పారాలింపిక్స్‌లో 11 స్వర్ణాలు సాధించిన టానీ గ్రే థాంప్సన్ రాజనీతి శాస్త్ర విద్యార్థిని. చదువును వదలకుండా సాధన చేయగల వాతావరణం ఉండడమే వారిని అక్కడికి రప్పించింది.

నిధుల ప్రవాహం, సదుపాయాల వృద్ధి

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు ఒకే ఒక్క స్వర్ణ పతకం దక్కింది. ఆ వైఫల్యం తరువాత, 1994లో ఆరంభమైన జాతీయ లాటరీ ఆదాయంలో కొంత భాగాన్ని ఉన్నత శ్రేణి క్రీడాకారుల శిక్షణకు మళ్లించారు. వివిధ క్రీడా సంఘాలకు జాతీయ శిక్షణ కేంద్రాలు అవసరమయ్యాయి. స్థలం, వసతి గృహాలు, దేహధర్మ శాస్త్ర ప్రయోగశాలలు, శిక్షకులు ఒకేచోట ఉన్న లఫ్‌బరో అందుకు సహజమైన ఎంపిక అయింది. 2003లో జాతీయ క్రికెట్ అకాడమీ అక్కడ ప్రారంభమైంది. అథ్లెటిక్స్, ఈత వంటి క్రీడలకు కూడా ఉన్నత శ్రేణి కేంద్రాలు వచ్చాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌కు ముందు బ్రిటన్ జట్టు సన్నాహక శిబిరం అక్కడే జరిగింది. 2015లో విశ్వవిద్యాలయం లండన్ ఒలింపిక్ పార్క్‌లో తన రెండవ ప్రాంగణాన్ని తెరిచింది. క్రీడల సమయంలో పత్రికా ప్రసార కేంద్రంగా వాడిన భవన సముదాయమే అందుకు నెలవైంది.

ఈ క్రమంలో ఒక కార్యకారణ సంబంధం స్పష్టమవుతుంది. డబ్బు వచ్చినందువల్ల పరిజ్ఞానం పుట్టలేదు. దశాబ్దాలుగా కూడబెట్టిన పరిజ్ఞానం ఉన్నచోటికే డబ్బు వచ్చింది.

ఒక బంతి నేర్పిన పాఠం

పరిశ్రమ, క్రీడ, పరిశోధన ఒకచోట కలిసినప్పుడు ఏర్పడే బలాన్నీ, పరిమితినీ 2010 ప్రపంచకప్ ఫుట్‌బాల్ బంతి చక్కగా చూపుతుంది. అడిడాస్ సంస్థ ‘జబులానీ’ అనే ఆ బంతి రూపకల్పనలో లఫ్‌బరో పరిశోధకుల సహకారం తీసుకుంది. ఒకే బలంతో, ఒకే కోణంలో పదేపదే తన్నగల యాంత్రిక కాలుతో, గాలి సొరంగంలో పరీక్షలు జరిగాయి. సంప్రదాయ బంతిలో 32 పలకలు ఉంటే ఇందులో 8 మాత్రమే ఉన్నాయి. వాటిని కుట్టకుండా వేడితో అతికించారు.

అయితే టోర్నమెంటు ఆరంభం నుండే గోల్‌కీపర్లు, ఆటగాళ్లు ఈ బంతి గాలిలో ఊహించని విధంగా దారి మారుతోందని ఫిర్యాదు చేశారు. దీనికి కారణం ప్రవాహ యాంత్రికశాస్త్రంలో ఉంది. బంతి ఉపరితలంపై అతుకులు గాలిపొరను కదిలించి ప్రవాహాన్ని స్థిరపరుస్తాయి. అతుకులు తగ్గి ఉపరితలం నునుపైతే ఆ మార్పు జరిగే వేగం పెరుగుతుంది. ఫలితంగా ఫ్రీకిక్ వంటి సందర్భాల్లో బంతి సాధారణంగా ప్రయాణించే వేగం వద్దనే, అందునా అది తిరగకుండా వెళ్తున్నప్పుడు, పక్కబలాలు క్షణక్షణం మారతాయి. 2014 నాటి ‘బ్రజూకా’ బంతిలో పలకలు 6కి తగ్గినా అతుకుల మొత్తం పొడవును పెంచి, ఉపరితలానికి గరుకుదనం కల్పించారు.

యాంత్రిక కాలు ఇచ్చిన కొలతలు అబద్ధం కాదు. కాని కొలవడానికి ఎంచుకున్న ప్రశ్న మైదానంలో గోల్‌కీపర్ ఎదుర్కొనే ప్రశ్నను పూర్తిగా పట్టుకోలేదు. పరిశ్రమ కోరిన ప్రశ్నకు జవాబివ్వడం భాగస్వామ్యం. ఆ ప్రశ్న సరైనదేనా అని అడగగలగడం విశ్వవిద్యాలయ ధర్మం. ఈ రెండవది లేకపోతే విశ్వవిద్యాలయం పరీక్షలు చేసిపెట్టే సంస్థగా కుదించుకుపోతుంది.

విస్తరణ ఎవరి కోసం?

ఇంగ్లండ్‌లో స్వదేశీ విద్యార్థుల ఫీజు గరిష్ఠ పరిమితి 2012లో 9,000 పౌండ్లకు, 2017లో 9,250 పౌండ్లకు చేరి, తరువాత అనేక సంవత్సరాలు అక్కడే నిలిచింది. ధరలు పెరుగుతున్నా ఫీజు పెరగకపోవడంతో విశ్వవిద్యాలయాలు ఇతర ఆదాయ మార్గాలపై, విద్యార్థులను ఆకర్షించే సదుపాయాలపై ఎక్కువగా ఆధారపడవలసి వచ్చింది. ఇటువంటి స్థితిలో ఉన్నత శ్రేణి క్రీడాకేంద్రం ప్రచార సాధనంగా మారే ప్రమాదం ఉంది. పతకాలు గెలిచేవారు కొద్దిమంది, ఫీజు చెల్లించేవారు వేలమంది.

లఫ్‌బరోలో ఈ ప్రమాదానికి కొంతవరకు అడ్డుకట్ట వేసినవి వసతి గృహాల మధ్య జరిగే పోటీలు. జాతీయ జట్టుకు ఎన్నడూ ఎంపిక కాని సాధారణ విద్యార్థికి అవి ఆడే అవకాశం కల్పిస్తున్నాయి. బ్రిటిష్ విశ్వవిద్యాలయాల మధ్య పోటీల్లో దశాబ్దాలుగా ఈ సంస్థ ముందుండడానికి ఈ విశాలమైన పునాది కూడా కారణమే.

ముగింపు

లఫ్‌బరోలో భూమి, పరిశ్రమ, క్రీడ ఒకదాని తరువాత ఒకటి చేర్చిన అలంకారాలు కావు. వస్తువు తయారుచేస్తూ నేర్చుకునే పద్ధతి నుండి పారిశ్రామిక పరిశోధన, పాఠశాల ఉపాధ్యాయుల శిక్షణ నుండి క్రీడాశాస్త్రం పెరిగాయి. భవనాలు వాటిని అనుసరించాయి. భవనాలను అనుకరించడం సులభం. వాటి వెనుక ఉన్న బోధనా సంప్రదాయాన్ని నిర్మించడానికి కొన్ని తరాల అధ్యాపకులు కావాలి. కనుక ఏ విశ్వవిద్యాలయ విస్తరణనైనా అంచనా వేయవలసిన కొలమానం ఎకరాల లెక్క కాదు. ఆ కొత్త ఆవరణలో ఏ తరగతి జరుగుతుంది, ఏ పరిశోధన సాగుతుంది, సాధారణ విద్యార్థి అందులో అడుగుపెట్టగలడా అన్నవే అసలైన ప్రశ్నలు.