ఆ ‘నిఘా వ్యాను’ పక్కింటోళ్లదే

డోర్నకల్ జంక్షన్‌లో కొత్తగూడెం బండి కోసం కూర్చుంటే ఒక టీ తాగి రెండో టీకి కూడా టైం మిగులుతుంది. ఆ తీరికలో ఫోన్‌లో వైఫై నొక్కాను. రైల్వే వాళ్ల రైల్‌వైర్ కింద చుట్టుపక్కల రూటర్ల పేర్లు వరస కట్టాయి. ‘పాస్‌వర్డ్ అత్తమ్మనడుగు’, ‘మీ బిల్లు మీరే కట్టుకోండి’, వాటి మధ్య ‘సీబీఐ వ్యాన్’. పక్కనున్న పెద్దాయనకూ అదే కంటపడ్డట్టుంది. “మనకెందుకు బిడ్డా, ఈ గోల” అని తన ఫోన్‌లో వైఫై ఆపేశాడు.

అపోహ: ఆ పేరు కనబడిందంటే దగ్గర్లో నిఘా బండి ఉన్నట్టే.

వాస్తవం: ఇది అమెరికా నుంచి వచ్చిన పాత జోకు. అక్కడి వీధుల్లో ‘ఎఫ్‌బీఐ నిఘా వ్యాను’ పేరుతో లెక్కలేనన్ని రూటర్లున్నాయి. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లగలిగిన ఎవరైనా ఆ పేరు మార్చుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఉన్న హద్దల్లా 32 బైట్లు. తెలుగులో అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ తలా మూడు బైట్లు పోతాయి. ‘నిఘా వ్యాను’ అని రాస్తే ఖాళీతో కలిపి 31 అవుతుంది, అంచున పడుతుంది. ‘పోలీసు వ్యాను’ అయితే 37, పట్టదు. నిజంగా నిఘాకు వచ్చినవాడు మాత్రం బండికి బోర్డు కట్టుకుని రాడు. మఫ్టీలో వచ్చేది ఎందుకు మరి?

అపోహ: అలాంటి పేరు పెడితే సర్కారు కన్ను మన మీద పడుతుంది.

వాస్తవం: రూటర్ సెకనుకు దాదాపు పదిసార్లు తన పేరు గాల్లోకి చాటుతుంది. ఆ చాటింపు నాలుగిళ్లు దాటదు. మీరు పంపే మెసేజీల వెంట ఆ పేరు హైదరాబాదుకో ఢిల్లీకో వెళ్లదు. దాన్ని పోగుచేసుకునేది ముఖ్యంగా కంపెనీలు. ఏ రూటర్ ఎక్కడుందో రాసిపెట్టుకుని, దాన్నిబట్టి ఫోన్ ఉన్న చోటు లెక్కగడతాయి. వీధి ఫొటోలు తీసే తమ కార్లు తాళంలేని వైఫైల నుంచి జనం డేటా కూడా లాగేశాయని 2010లో గూగులే ఒప్పుకుంది. వాళ్ల లెక్కలోంచి తప్పుకోవాలంటే పేరు చివర ఇంగ్లిష్ అక్షరాల్లో అండర్‌స్కోర్, నోమ్యాప్ తగిలించాలి. జోకుల కంటే పనికొచ్చే పేరు ఇదే.

అపోహ: అయితే నిఘా అన్నదే ఉత్త భయం.

వాస్తవం: కాదు, కాకపోతే దాని దారి వేరు. 1885లో బ్రిటిష్ ఇండియాలో టెలిగ్రాఫ్ చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలోనూ ఫోన్లు వినడానికి అదే ఆధారమైంది. దానికి కళ్లెం వేసింది 1996లో, పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు. ఇప్పుడు 2023 టెలికాం చట్టం, 2024 డిసెంబరు నిబంధనలు ఆ పాత చట్టం చోటు తీసుకున్నాయి. ఫోన్ వినాలంటే మామూలుగా కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. అది 60 రోజులు చెల్లుతుంది, ఎంత పొడిగించినా 180 దాటకూడదు. కంప్యూటర్ల సంగతి ఐటీ చట్టం 69వ సెక్షన్ చూస్తుంది. దాని కింద 2018 డిసెంబరు 20న కేంద్రం నిఘా అధికారమున్న పది సంస్థల పేర్లు ప్రకటించింది. అంటే పని జరిగేది టెలికాం కంపెనీ దగ్గర. మీ వీధి మొగలో వ్యాను పెట్టాల్సిన అవసరమే రాదు.

కాగితం మీది నియమం కాగితం మీదే ఉండిపోతుందా అన్న అనుమానం మనవాళ్లకు ఊరికే రాలేదు. తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసు 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్‌లో నమోదైంది. రాష్ట్ర ఇంటెలిజెన్స్ విభాగంలోనే అక్రమంగా ఫోన్లు విన్నారని, ఆ సమాచారమున్న హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. అది తేలాల్సింది కోర్టులో.

అపోహ: పేరు దాచేస్తే ఎవరికీ దొరకం.

వాస్తవం: దాచిన పేరు జాబితాలో కనబడదు, అంతే. మీ ఫోన్ కనెక్ట్ అయ్యేటప్పుడు బయటపడుతుంది. పైగా చాలా ఫోన్లు వెళ్లినచోటల్లా ఆ పేరునే ‘ఉన్నావా’ అని పిలుస్తూ తిరుగుతాయి.

అపోహ: జోకే కదా, ఎవరేమంటారు?

వాస్తవం: 2016లో ఫ్రాన్స్‌లోని దిజోన్‌లో ఒక యువకుడు తన వైఫైకి ఉగ్రవాద సంస్థ పేరు పెట్టి, మూడు నెలల శిక్ష వేయించుకున్నాడు, జైలుకు పంపకుండా సస్పెండ్ చేశారు. 2017లో నైరోబీ నుంచి ఇస్తాంబుల్ వెళ్తున్న విమానం, బాంబు ఉందన్న వైఫై పేరు కనబడి, ఖార్తూమ్‌లో దిగింది.

మన దేశంలో వైఫై వల్ల అసలు చిక్కు వచ్చిపడింది పేరుతో కాదు. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వెళ్లిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ ఇంటి వైఫై నుంచి వచ్చిందని తేలింది. దానికి తాళం లేదు. పోలీసులు మొదట కొట్టింది ఆయన తలుపే.

బండి ఇంకో అరగంట లేటన్నారు. పెద్దాయన మళ్లీ వైఫై తెరిచి, సీబీఐ వ్యాన్‌ను జాగ్రత్తగా దాటేసి రైల్‌వైర్ నొక్కాడు. అది మొబైల్ నంబరడిగింది, కొట్టాడు. ఓటీపీ అడిగింది, అదీ కొట్టి మనవడి వీడియో చూస్తూ కూర్చున్నాడు.