కొత్వాలు గారి హాస్టలు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో కాలేజీ ప్రెసిడెంటు అంటే పాఠాలు చెప్పేవాడి కన్నా చందాలు పోగుచేసేవాడే. షికాగో యూనివర్సిటీ తొలి ప్రెసిడెంటు విలియం రైనీ హార్పర్ రాక్‌ఫెల్లర్ డబ్బుతో దాన్ని నిలబెట్టారు. నల్లజాతి పిల్లల కోసం టస్కీగీలో విద్యాలయం నడిపిన బుకర్ టి. వాషింగ్టన్‌కు ధనవంతుల గడపలు ఎక్కి దిగడమే సగం ఉద్యోగం. మన పాలమూరు పిల్లలకు ఆ పని చేసిపెట్టినాయన పంతులు కాదు, ప్రిన్సిపాలూ కాదు. పోలీసాయన.

రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి 1869లో వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టారు. పోలీసు శాఖలో కింది నుంచి మెట్టు మెట్టుగా పైకొచ్చి 1920లో హైదరాబాదు నగర కొత్వాలు, అంటే నగర పోలీసు అధిపతి, అయ్యారు. నిజాం పాలనలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి హిందువు ఆయనే. అంతకు రెండేళ్ల ముందే, 1918లో, హైదరాబాదులో రెడ్డి హాస్టల్ పెట్టించారు.

కాలేజీ పెట్టకుండా హాస్టలెందుకు? పట్నంలో కాలేజీకి కొదవ లేదు. నిజాం కాలేజీ 1887 నుంచే ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం సరిగ్గా ఆ 1918లోనే వచ్చింది. లేనిదల్లా కూడూ గూడూ. పాలమూరు ప్రాంతపు కొల్లాపూర్ సంగతే చూడండి. జటప్రోలు సంస్థానానికి రాజధాని, సురభి వారి కొలువు. సంస్కృతాంధ్రాలు నేర్వాలంటే అక్కడ పండితులు దొరికేవారు. బీఏ చదవాలంటే మాత్రం పట్నం పోవాల్సిందే. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క నల్లమల, నేటికీ రైలు లేని ఊరు. ఎలాగో చేరుకున్నా, పిల్లవాడు ఎవరింట్లో ఉండాలి? చుట్టాలైనా ఎన్నాళ్లు పెడతారు? పైగా ఉస్మానియాలో చదువంతా ఉర్దూలో. ఫీజు కట్టలేక కాదు, తలదాచుకునే చోటు లేక చదువు మానేసేవాళ్లు ఉండేవారంటే నమ్మొచ్చు.

హాస్టలుకు వనపర్తి, గద్వాల సంస్థానాధీశులు, దేశ్‌ముఖులు చందాలిచ్చారు. పోలీసు అధికారి వచ్చి అడిగితే లేదనే ధైర్యం ఎవరికుంటుంది లెండి!

హాస్టలు పేరులోనే కులం ఉందన్నది దాచేది కాదు. ఆ కాలపు హాస్టళ్లు చాలావరకు కులాల వారీగానే వెలిశాయి. భూములున్న ఇళ్ల పిల్లలకు దారి దొరికింది గానీ, ఆ భూములు దున్నినవాళ్ల పిల్లలకు దొరకలేదు. దళితుల పిల్లల కోసం హైదరాబాదులోనే భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి బడులు పెడుతూ వచ్చారు. ఆయన వెనుక సంస్థానాలు లేవు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడకపోతే ఆనాటి విద్యాచరిత్ర సగమే తెలుస్తుంది.

హాస్టలుకు ప్రాణం పోసింది సెక్రటరీగా వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి. ఆలంపూర్ ప్రాంతపు ఇటిక్యాలపాడు ఆయనది, మద్రాసులో బీఏ చేశారు. మామూలుగా హాస్టలు సెక్రటరీ అంటే బియ్యం, పప్పు, బాకీల లెక్కలు. ఈయన వాటితో ఆగక గ్రంథాలయాన్ని పెంచారు. బయట ఉర్దూ రాజ్యమేలుతుంటే లోపల పిల్లల చేతికి తెలుగు పుస్తకాలు అందాయి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చిందీ ఈయనే. కొత్వాలు జీవితచరిత్ర రాసిందీ ఈయనే.

తమాషా ఏమిటంటే, నిజాం శాంతిభద్రతలు కాచే అధికారి హాస్టల్లో నిజాం మీద తిరగబడేవాళ్లు తయారయ్యారు. నల్లగొండ జిల్లా బొల్లేపల్లి వాడైన రావి నారాయణరెడ్డి అక్కడే ఉండి చదువుకున్నారు. 1930లో చదువు పక్కనపెట్టి ఉప్పు సత్యాగ్రహానికి కాకినాడ వెళ్లారు. తర్వాత తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకుడయ్యారు. ఆ ఉప్పు సత్యాగ్రహం నాటికి కొత్వాలు వెంకటరామారెడ్డే, 1934 దాకా కొనసాగారు.

1952 ఎన్నికల్లో హాస్టలు పాత సెక్రటరీ వనపర్తి నుంచి కాంగ్రెసు తరఫున శాసనసభకు గెలిచారు. పాత విద్యార్థి కమ్యూనిస్టుల పక్షాన నల్లగొండ నుంచి లోక్‌సభకు, నెహ్రూకు వచ్చిన వాటికన్నా ఎక్కువ ఓట్లతో వెళ్లారు.